సమితి ఆఫీసు ముందర

శ్రీరంగప్ప సైకిలు దిగి బడి ముందర నిలబెట్టేసరికి హజరత్ వలి నల్లబల్లకు మసి పూస్తున్నాడు. పొయ్యిబొగ్గు మెత్తగా నూరి, ఉమ్మెత్తాకు పసరులో కలిపి, పాత గుడ్డపేలికతో పైనుంచి కిందికి రుద్దుతున్నాడు. బల్లకు రంగు పంపిస్తామని పంచాయతీ సమితివాళ్లు ఎప్పుడో రాశారు. రంగు రాలేదు. ఆ కరువు యేడు దిన్నెమీదపల్లె చుట్టుపక్కల పచ్చగా బతికున్నది ఉమ్మెత్త ఒక్కటే. శెనగ మొలకలోనే మాడిపోయింది. కొర్ర గుప్పెడు గింజలు కూడా వెనక్కి ఇవ్వలేదు.

"ఏమప్పా వలీ, గోడతో మాట్లాడుకుంటాండావా?"

హజరత్ వలి ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. నిజంగానే మాట్లాడుతున్నాడు. ఈమధ్య పిల్లలు ఇళ్లకు పోయినాక తనలో తాను ఏదో ఒకటి పైకే అనుకోవడం అలవాటైంది. మనిషి గొంతు వినబడకపోతే ఆ గది మరీ పెద్దదైపోయినట్టుంటుంది. ఒకే అయ్యవారు, ఒకే గది. బీరువా వెనకాల చాప, ట్రంకుపెట్టె, కిరసనాయిలు స్టవ్వు. పగలు అది బడి. సాయంత్రం నుంచి అతని ఇల్లు.

"రా అన్నా, రా" అంటూ చేతికంటిన మసి గోడకు తుడిచి, కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి ఇచ్చాడు.

శ్రీరంగప్ప గుండ్లకోట బడికి హెడ్మాస్టరు. అయ్యవార్ల సంఘానికి కార్యదర్శి. సగం చెంబు తాగి తక్కినవి తిరిగి కుండలో పోయించాడు. ఆ ఊళ్లో నీళ్ల సంగతి అతనికి తెలుసు.

"సోమవారం సమితి కొత్త ఆఫీసు తెరుస్తాండారు. తాకీదు వచ్చిందా?"

"వచ్చింది. పిల్లోళ్లను పిలుచుకోని రావల్లంట. చేతికొక కాగితం జెండా ఇచ్చి దోవ పొడుగునా నిలబెట్టల్లంట."

"మనం పిలుచుకోని పోము" అన్నాడు శ్రీరంగప్ప. "మనమే పోయి ఆఫీసు ముందర కూర్చుంటాం. నాలుగు నెల్ల జీతం ఇచ్చేదాకా లేసేది లేదు. ఇంకమింద ఏ నెలది ఆ నెల ఇయ్యల్ల. వాళ్లిండ్లల్లో పెండ్లిండ్లకు మనల్ని పనికి పిలిచేది మానుకోవల్ల."

పెండ్లి మాట వినగానే హజరత్ వలి చూపు కిందికి దిగింది. సమితి ప్రెసిడెంటు హనుమంతరాయుడి తమ్ముడి పెండ్లికి అయ్యవార్లందరికీ పిలుపు వచ్చింది. భోజనానికి కాదు. హజరత్ వలిని చుట్టాల బండ్లెద్దులకు నీళ్లు పెట్టమన్నారు. రిటైరు కావడానికి ఏడాది కూడా లేని రంగన్న అయ్యవారిని ఎంగిలాకులు ఎత్తమన్నారు. ఆయన దగ్గర చదువుకుని తాలూకాఫీసులో గుమాస్తా అయిన కుర్రవాడొకడు అదే పంక్తిలో కూర్చుని ఉన్నాడు. ఆకు తీయడానికి వంగిన చేయి ఎవరిదో చూశాడు. చూసి, తన ఆకు తానే మడిచి పట్టుకుని లేచిపోయాడు. రంగన్న పక్క ఆకు అందుకున్నాడు.

"ఎంతమంది వస్తారన్నా?"

"వస్తామనే అన్నారు అందరూ."

"నేను టెంపరరీ. తీసేయాలంటే కాగితం కూడా అక్కర్లేదు వాళ్లకు."

"తెలుసు. అందుకే రమ్మని చెప్పను. వస్తావా అని అడుగుతాండా, అంతే."

హజరత్ వలి మళ్లీ గుడ్డపేలిక అందుకున్నాడు. బల్ల కింది మూల ఇంకా తెల్లగానే ఉంది. దాన్ని రుద్దుతూ ఉండిపోయాడు. శ్రీరంగప్ప సైకిలు స్టాండు తీసి, ఎక్కబోయి ఆగాడు.

"నీ ఇంటామె నీళ్లకు మా వీధిలోనే పోతాంటాది. అయ్యవారు బాగుండాడా అని మా ఆమెను అడిగిందంట. నువ్వు గుండ్లకోటకు వచ్చి ఎన్నాళ్లయింది వలీ?"

శ్రీరంగప్ప జవాబు కోసం ఆగలేదు. సైకిలు ఎర్రదుమ్ములో దిన్నె దిగిపోయింది.

*

శనివారం మధ్యాహ్నం బడి వదిలాక హజరత్ వలికి ఏం చేయాలో తోచేది కాదు. ఒకప్పుడు శనివారమంటే గంట కొట్టీ కొట్టకముందే సంచి భుజాన వేసుకుని రోడ్డుకు నడిచేవాడు. గుండ్లకోటలో బావమరిది నూర్ మహమ్మద్ ఇంట్లో వెనక వసారా ఒకటి తన పెళ్లాం హుసేన్‌బీకీ బిడ్డకూ ఇచ్చారు. పల్లెలో ఇల్లు దొరక్క, దొరికినా రెండు చోట్ల గడవక, వాళ్లను అక్కడ ఉంచాడు. జీతం ఆగిపోయిన రెండో నెల ఉత్త చేతులతో పోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. హుసేన్‌బీ గిన్నె పట్టుకుని పక్కింటికి పోయి టీపొడి చేబదులు తెచ్చింది. తనకు టీ ఇచ్చి, తాను తాగకుండా పొయ్యి ముందర కూర్చుంది. మరుసటి శనివారం అతను రోడ్డుదాకా పోయి, బస్సు వచ్చి ఆగి పోయేదాకా నిలబడి, తిరిగి వచ్చేశాడు. తర్వాత రోడ్డుదాకా పోవడం కూడా మానుకున్నాడు.

ఈ శనివారం సాయంత్రం కడవ తీసుకుని బావికి పోయాడు. బావంటే ఇప్పుడు అడుగున రాతి సందులో ఊరే ఊట మాత్రమే. మారెక్క లోపలికి దిగి టెంకాయచిప్పతో తోడి పైకి అందిస్తోంది. గట్టు మీద కడవలు వరుసగా ఉన్నాయి. ఊరికి పెద్దమనిషి తిప్పన్న గట్టు రాయి మీద కూర్చుని ఎవరి కడవ ముందో ఎవరిది వెనకో తగువు రాకుండా చూస్తున్నాడు.

"అయ్యవారూ, సోమవారం పిల్లోళ్లను ఏ పొద్దుకు పిలుచుకోని పోతాండావు?" అని అడిగాడు తిప్పన్న.

"పిలుచుకోని పోను తిప్పన్నా."

తిప్పన్న తలపాగా సర్దుకున్నాడు. "ఏమంటాండావు?"

హజరత్ వలి చెప్పాడు. జీతం సంగతి చెప్పడానికి నోరు రాక మొదట ఎండ సంగతి చెప్పాడు. అంత దూరం పిల్లలు నడవలేరన్నాడు. అక్కడ నీళ్లు కూడా ఇవ్వరన్నాడు. తిప్పన్న కన్నెత్తకుండా వింటుంటే ఇక దాచలేక నాలుగు నెలల మాట కూడా చెప్పేశాడు. అయ్యవార్లు ఆఫీసు ముందర కూర్చోబోతున్నారని చెప్పాడు.

"నాలుగు నెల్లా?" అన్నాడు తిప్పన్న. "మరి ఏం తింటాండావు నువ్వు?"

హజరత్ వలి కడవ అంచు తుడిచాడు.

"చూడప్పా" అన్నాడు తిప్పన్న. "నీది న్యాయమే. అయితే కరువు పనికింద మనూరికి రోడ్డుకు కంకర కొట్టే పని ఇస్తానని ప్రెసిడెంటు మాటిచ్చిండాడు. పిల్లోళ్లు రాలేదని కోపం పెట్టుకుంటే ఆ పని వేరే ఊరికి పోతాది. ఈ ఊర్లో నీ మాదిరి నాలుగు నెల్లు కాదు, యేడాదిగా దుడ్లు చూడనోళ్లుండారు."

అది అబద్ధం కాదు. గట్టు మీద ఉన్నవాళ్లంతా కడవల వైపు చూస్తున్నారు. బావిలోంచి చిప్ప రాతికి తగిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు. అది కూడా ఆగింది.

"అమ్మవారు పోసిందని చెప్పు" అంది మారెక్క లోపలినుంచి.

"ఏమే?"

"పిల్లోళ్లకు అమ్మవారు పోసింది, ఊరంతా పసుపునీళ్లు చల్లుకుంటాండారు, ఎవరూ ఊరు దాటకూడదని చెప్పు. ఆ పొద్దు ప్రెసిడెంటే వద్దంటాడు, రానీయడు." చిప్ప మళ్లీ గీరుకుంది. "మా వాడు నిలబడి జెండా ఊపేదానికి నేను బడికి పంపించల్యా. రాసేది నేర్చుకుంటాడని పంపించినా. నేర్చుకుంటాండాడు. అయ్యవారికి కూలి ఇయ్యకపోతే ఎట్ల?"

ఎవరో నవ్వారు. తిప్పన్న నవ్వలేదు. ఆయనే హజరత్ వలి కడవను కాలితో ముందుకు జరిపి, "దీన్ని నింపి పంపించు మారెక్కా, అయ్యవారు దూరం పోవల్ల" అన్నాడు.

*

గుండ్లకోటలో సమితి కొత్త ఆఫీసుకు వేసిన సున్నం ఇంకా ఆరలేదు. వాకిట్లో మామిడాకు తోరణం. కరువులో మామిడాకు యాడ దొరికిందో అనుకుంటూ హజరత్ వలి వచ్చేసరికి శ్రీరంగప్ప, రంగన్న, ఇంకో ఐదారుగురు గోడవారగా నేల మీద కూర్చుని ఉన్నారు. వస్తామన్న తక్కినవాళ్లు వచ్చారు గానీ, పిల్లలను వరుసగా నిలబెట్టి, వాళ్ల మధ్యలో దాక్కున్నట్టు తలలు వంచుకుని రోడ్డు అవతల నిలబడ్డారు. ఒకడు హజరత్ వలిని చూసి జెండా సర్దే నెపంతో పక్కకు తిరిగాడు.

హజరత్ వలి రంగన్న పక్కన కూర్చున్నాడు. రంగన్న తన తుండుగుడ్డ కొసను అతని వైపు పరిచాడు.

మేళతాళాలతో హనుమంతరాయుడు వచ్చాడు. తెల్లటి ఖద్దరు, చేతిలో దండ. గోడవార కూర్చున్నవాళ్లను చూసి ఆగాడు. కోపం చూపలేదు.

"ఏమయ్యా అయ్యవార్లూ, మంచిపూట ఈ పొద్దే దొరికిందా మీకు? లేయండి. లోపలికొచ్చి కాఫీ తాగండి. రేపు మాట్లాడుకుందాం."

"రేపటిదాకా ఈడనే ఉంటాం సామీ" అన్నాడు శ్రీరంగప్ప.

హనుమంతరాయుడి చూపు ఒక్కొక్కరి మీదుగా జరిగింది. హజరత్ వలి దగ్గర కొంచెంసేపు నిలిచింది. తర్వాత మేళం లోపలికి పోయింది.

ఎండ ముదిరింది. సున్నపు గోడ నుంచి వేడి వీపుకు కొట్టింది. ఉపన్యాసాలు అయిపోయాయి, పిల్లలు పోయారు, తోరణం వాడిపోయింది. బజారు మామూలైంది. గోడవారగా కూర్చున్న మనుషుల్ని దాటి జనం వస్తూ పోతూ ఉన్నారు. హజరత్ వలికి బాధ కలిగించింది ఎండ కాదు. అక్కడ కూర్చుంటే బావమరిది కలాయి అంగడి కనబడుతుంది. నూర్ మహమ్మద్ రాగిచెంబును కాళ్ల మధ్య పట్టుకుని గుడ్డతో తిప్పి తిప్పి తగరం పూత పూస్తున్నాడు. ఒకసారి తలెత్తాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. నూర్ మహమ్మద్ చెంబును పక్కన పెట్టి లేచాడు. ఇటే వస్తాడనుకున్నాడు హజరత్ వలి. అతను అంగడికి తలుపు వేసి, అవతలి సందులోకి పోయాడు.

మాపటేల దూరంవాళ్లు చుట్టాల ఇళ్లకు పోయారు. "మా ఇంటికి రా" అన్నాడు శ్రీరంగప్ప. "నీ ఇల్లు ఈడనే ఉండాది గదా" అన్నాడు రంగన్న, సంగతి తెలియక. హజరత్ వలి ఇద్దరికీ తల ఊపి, ఎక్కడికీ పోకుండా సత్రం అరుగు మీద సంచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. మూడు వీధుల అవతల తన బిడ్డ ఈపాటికి నిద్రపోయి ఉంటుంది. నిద్రలో ఇంకా వేలు చీకుతుందో మానిందో అతనికి తెలియదు.

*

మంగళవారం పొద్దున కూర్చున్నవాళ్లు ఇంకా తగ్గారు. ఎండెక్కుతుండగా సమితి గుమాస్తా ఓబుళేసు వచ్చి, "హజరత్ వలీ, లోపలికి పిలుస్తాండారు" అన్నాడు. పిలిచి రెండడుగులు వెనక్కి వేసి, పైగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. దిన్నెమీదపల్లె అమ్మవారి సంగతి ఆఫీసుదాకా వచ్చినట్టుంది.

లోపల హనుమంతరాయుడు లేడు. బల్ల మీద ఒక కాగితం, పక్కన పెన్ను.

"నీదొక్కటే నాలుగు నెల్లదీ ఈ పొద్దే ఇచ్చేయమన్నాడు" అన్నాడు ఓబుళేసు దూరంనుంచే. "టెంపరరీ కూడా పర్మినెంటు చేస్తారు. దానిమింద చేవ్రాలు పెట్టు."

హజరత్ వలి పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఈ సాయంత్రమే ఇంటికి పోవచ్చు. బిడ్డకు గౌను, హుసేన్‌బీకి టీపొడి, చక్కెర. బావమరిది ముందర తల ఎత్తి నిలబడవచ్చు. అతని చేయి బల్ల మీదికి పోయింది. అయితే ఇన్నేళ్లుగా పిల్లల పలకలు దిద్దిన అలవాటుతో, చదవకుండా ఏ కాగితం మీదా చేయి పెట్టలేడు. చదివాడు. శ్రీరంగప్ప తనను బెదిరించి తీసుకొచ్చినాడనీ, పిల్లల్ని పంపితే కాళ్లు విరగ్గొడతానన్నాడనీ అందులో రాసి ఉంది.

"ఇట్ల జరగల్యా" అన్నాడు.

"జరగల్యాదని అందరికీ తెలుసులేప్పా. పెట్టు."

"శ్రీరంగప్ప అన్న నన్ను రమ్మని కూడా చెప్పలేదు. వస్తావా అని అడిగినాడు."

ఓబుళేసుకు ఆ రెండింటికీ తేడా ఏమిటో అర్థం కాలేదు. హజరత్ వలి పెన్ను మూత పెట్టి, కాగితం ఎగిరిపోకుండా దాని మీద ఉంచి బయటికి వచ్చాడు. పోయి రంగన్న పక్కన కూర్చున్నాడు. మంచిపని చేశానన్న సంతోషం కొంచెం కూడా లేదు. చేతిదాకా వచ్చిన ఇంటి దారిని తానే మూసుకున్నాననిపించింది. ఇక ఏ శనివారమూ లేదనిపించింది.

పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు బజారు మధ్యలోంచి హుసేన్‌బీ వచ్చింది.

చీర కొంగు తలమీదుగా నుదుటిదాకా లాక్కుని, చంకలో సత్తు బేసిన్, చేతిలో నీళ్ల బిందెతో నడిచి వచ్చింది. ఆమె వెనక చిన్నపిల్ల ఫాతిమా అమ్మ చీర పట్టుకుని ఉంది. హుసేన్‌బీ ఎప్పుడూ బజారు దారిలో వచ్చిన మనిషి కాదు, సందుల్లోంచే పోయేది. బేసిన్ దించి గుడ్డ తీసింది. రాగిసంగటి, మీద ఊరిబిండి పచ్చడి. ముందు రంగన్నకు పెట్టింది. వరుసగా అందరికీ పెట్టి, చివరికి మొగుడి ముందరికి వచ్చింది.

"మూడు వీధుల అవతల ఇల్లు పెట్టుకోని సత్రంలో పండుకున్యావంట."

"నీకెవరు చెప్పినారు?"

"మా అన్న చెప్పినాడు. నిన్న మొగం తిప్పుకోని పోయినాడనుకున్యావేమో. ఇంటికొచ్చి ఏడ్సినాడు."

హజరత్ వలి సంగటి ముద్ద చేత్తో పట్టుకుని ఉండిపోయాడు. "ఏం మొగం పెట్టుకోని వచ్చేది?" అన్నాడు.

"ఉన్న మొగం పెట్టుకోనే రావల్ల. ఇంకోటి యాడుంది?" ఆమె గొంతు తగ్గించింది. "ఆ పల్లెలో ఎవరినో చూసుకున్యాడేమో అని మా వదిన అన్నది. నేను కాదని అనలేకపోతిని. మనిషి కండ్లకు కనపడకపోతే ఏమని కాదనేది? ఈ బిడ్డ శనివారమైతే బస్సుకాడికి పోయి నిలబడతాది. పోవద్దంటే ఏడుస్తాది. పోయి వచ్చీ ఏడుస్తాది."

ఫాతిమా తండ్రి దగ్గరికి రాలేదు. మసి మరకలున్న అతని చొక్కా వైపు చూస్తూ నిలబడింది. హజరత్ వలి తన ముద్దలోంచి కొంచెం తుంచి చేయి చాపాడు. ఆ పిల్ల చాలాసేపు ఆలోచించి నోరు తెరిచింది.

హుసేన్‌బీ వెనక్కి పోలేదు. బేసిన్ కడిగి బోర్లించి, గోడవారగా, ఎండలోనే, అందరికీ కొంచెం ఎడంగా కూర్చుంది.

కొంతసేపటికి హనుమంతరాయుడి జీపు వచ్చి వాకిట్లో ఆగింది. ఆయన దిగి, ముందర ఆడమనిషిని చూసి కొంచెం తడబడ్డాడు.

"ఏమ్మా, ఎండలో నువ్వెందుకు? ఇంటికి పో."

"మాపటికి ఇంట్లో పొయ్యి వెలగదు సామీ. ఈడ కూర్చున్నా ఆడ కూర్చున్నా ఒకటే."

కలాయి అంగట్లోంచి నూర్ మహమ్మద్ చేతులకు మసితోనే వచ్చి చెల్లెలి వెనక నిలబడ్డాడు. సోడా బండివాడు బండి వదిలి వచ్చాడు. గుడ్డలంగడి సెట్టి మెట్టు దిగాడు. ఎవరూ ఏమీ అరవలేదు. నిన్నంతా ఏమీ ఎరగనట్టు దాటిపోయినవాళ్లు ఇప్పుడు దాటిపోకుండా ఆగారు. హనుమంతరాయుడు వాళ్ల మొహాలు చూశాడు. అవన్నీ ఆయన ఓట్లు అడిగిన మొహాలే.

"మాపటేలకు రెండు నెల్లది ఇప్పిస్తా. తక్కింది వచ్చే నెల" అని జీపెక్కాడు.

"పెండ్లిండ్ల సంగతి?" అన్నాడు రంగన్న. రెండు రోజుల్లో ఆయన పెద్దగా అన్న మాట అదొక్కటే.

జీపులోంచి జవాబు రాలేదు. కానీ ఆ తర్వాత ఆ సమితిలో ఏ అయ్యవారికీ పెండ్లి పనికి పిలుపు రాలేదు.

*

రెండు నెలల జీతం ఆ మాపటేలే చేతికొచ్చింది. వారం తిరక్కుండా ట్రాన్స్‌ఫరు కాగితాలు వచ్చాయి. శ్రీరంగప్పను సమితి ఒక కొసకూ, హజరత్ వలిని ఇంకో కొసకూ వేశారు. బూరుగువంక అని, బస్సు దిగి కొండెక్కి పోవలసిన ఊరు. అక్కడ బడి పేరుకే గాని గోడలు కూడా సరిగా లేవని ఓబుళేసు చెప్పాడు. పాపమనిపించిందో ఏమో, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోకుండానే చెప్పాడు.

దిన్నెమీదపల్లెలో బడి తాళంచెవి తిప్పన్న చేతికిచ్చి వచ్చాడు హజరత్ వలి. కంకర పని వస్తుందో రాదో ఇంకా తెలియదు. "వస్తే వస్తాది, పోతే పోతాది. నువ్వు బెంగ పెట్టుకోవద్దు" అన్నాడు తిప్పన్న. ఆ మాట అనడం ఆయనకు సులువు కాదని హజరత్ వలికి తెలిసింది. మారెక్క కొడుకు దిన్నె దిగేదాకా వెంట వచ్చి, తిరిగి పోయాడు.

గుండ్లకోటలో హుసేన్‌బీ అప్పటికే మూట కట్టేసింది.

"ఆడ నీళ్లకు కొండ దిగి రావల్లంట" అన్నాడు హజరత్ వలి. "గోడలు లేవంట. అది శిక్ష కింద వేసిన ఊరు. నిలదొక్కుకున్నాక పిలుచుకోని పోతా."

"శిక్ష నీకు వేసినారు, నాకు కాదు" అంది హుసేన్‌బీ మూట ముడి బిగిస్తూ. "నా ఇష్టం, నేను వస్తాండా."

నూర్ మహమ్మద్ వాళ్లను బస్సు దగ్గరికి సాగనంపి, కొత్తగా కలాయి పూసిన గిన్నె ఒకటి చెల్లెలి ఒళ్లో పెట్టాడు. బస్సు కదిలింది. రోడ్డుకు రెండు వైపులా దున్నని చేలు, మధ్యమధ్య నల్లగుండ్లు. హుసేన్‌బీ ఆడవాళ్ల సీట్లో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. హజరత్ వలి వెనక నిలబడ్డాడు.

కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "యాడికప్పా?"

"కొండకింది క్రాసుకు."

"ఎన్ని?"

"ఒకటి" అన్నాడు హజరత్ వలి.

ముందు సీట్లోంచి హుసేన్‌బీ తల తిప్పి చూసింది. ఆమె ఒళ్లోంచి ఫాతిమా కూడా చూసింది. కండక్టరు అప్పటికే టికెట్టు చింపుతున్నాడు. హజరత్ వలి అతని చేయి పట్టుకున్నాడు.

"కాదప్పా, కాదు" అన్నాడు. "రెండున్నర."